మేనమామ మొహం మీద చువ్వలు

పెళ్లి ముహూర్తం పదకొండు ఇరవైకి. పొద్దున ఏడున్నరకు సదానందం చేతిలో మిగిలిన పని ఒక్కటే. ఒక ఫోటో ప్రింటు తీయాలి.

ఒకే ఒక్క ఫోటో. ఐదు నిమిషాల పని. ఆ తర్వాత స్నానం చేసి, పట్టు పంచె కట్టుకుని, రెండు ప్లేట్ల ఉప్మా తిని, గేటు దగ్గర పెళ్లికూతురు తండ్రిలా గంభీరంగా నిలబడాలని అతని ప్లాను. ప్లానులో ఉప్మా వరకు కూడా జరగదని అప్పటికి అతనికి తెలియదు.

అది కరోనా మొదటి ఏడాది, శ్రావణమాసం. పెళ్లికి యాభై మందికి మించి రాకూడదని రూలు. ఫంక్షన్ హాళ్లు మూసేశారు. పొట్ట చేతపట్టుకుని వచ్చిన పరాయి రాష్ట్రంలో, ఉధ్నాలో, సదానందం ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మగ్గాల షెడ్డు సేఠ్ మాత్రం, "సగం లూములు బందే ఉన్నాయి కదా, వాకిట్లో పెళ్లి చేసుకో" అన్నాడు. వాకిట్లో మంటపం వేశారు. పెళ్లికొడుకు ఓంప్రకాష్ వాళ్లది దగ్గర్లోనే కిమ్ అనే ఊరు. వాళ్లు టెంపోలో గంటలో వచ్చేస్తారు. చిక్కంతా సిరిసిల్ల పక్కన సొంతూళ్లో ఉన్న చుట్టాలతోనే. బస్సుల్లేవు, రైళ్లు అంతంతమాత్రం.

రాలేకపోవడం వేరు, పిలవకపోవడం వేరు. సదానందం చుట్టాలలో పెళ్లిలో తనకు కుర్చీ వేయలేదన్న కోపం మనవడి పెళ్లిదాకా నిలుస్తుంది. అందుకే పెళ్లికూతురు సంగీత ఒక ఉపాయం చెప్పింది. రాలేని వాళ్ల ఫోటోలు ప్రింటు తీసి, తలా ఒక కుర్చీకి అంటిద్దాం. వీడియో కాల్లో ఎవరి కుర్చీ వాళ్లకు చూపిద్దాం.

మొదట అందరూ నవ్వారు. మర్నాటి నుంచి సిఫారసులు మొదలయ్యాయి. "నన్ను ఫ్యాన్ కింద పెట్టు" అని ఒకాయన. "నా తోడికోడలు పక్కన నా ఫోటో పెడితే నేను రాను" అని ఒకావిడ. దండలు మాత్రం వేయొద్దని సదానందం భార్య రాజమ్మ గట్టిగా చెప్పింది. బతికున్న వాళ్ల ఫోటోకు దండ వేస్తే కుర్చీ గొడవ కాదు, కోర్టు గొడవ అవుతుంది.

ప్రింటరు త్రివిక్రమరావుది. ఆయన దగ్గర్లోని హజీరాలో ఇంజనీరు, ఉండేది అడాజన్లో. ఇంటి నుంచి పని మొదలయ్యాక బాల్కనీలో కూర్చుని పక్షుల ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. లాక్‌డౌన్లో తెలుగువాళ్లకు బియ్యం పంచుతున్నప్పుడు సదానందంతో పరిచయం. ప్రింటరు ఇస్తూ నాలుగు పేజీల సూచనలు కూడా రాసిచ్చాడు. ముప్పై ఏళ్లు మగ్గాలు బాగుచేసిన సదానందం దృష్టిలో సూచనలు చదివేవాడు నిన్న పనిలో చేరినవాడు. ఆ నాలుగు పేజీలనూ అతను వృథా చేయలేదు. మడిచి, ఊగుతున్న ప్రింటరు బల్ల కోడు కింద పెట్టాడు.

ముప్పై ఎనిమిది ఫోటోలు సంగీతే మామూలు కాగితం మీద రెండు రోజుల్లో చక్కగా తీసింది. ముప్పై తొమ్మిదోది ప్రత్యేకం. అది రాజమ్మ అన్న ఆగయ్యది. పెళ్లికూతురికి మేనమామ. అమ్మాయిని గంపలో కూర్చోబెట్టి మంటపానికి తీసుకురావలసింది ఆయనే. ఆయన రాలేడు కాబట్టి గంప వేరేవాళ్లు మోస్తారు. కానీ "తీస్కపోండ్రి బిడ్డను" అన్న మాట మాత్రం ఆయన ఫోన్లో చెప్పాలి. ఆ మాట రాకుండా గంప లేవదు. అందుకే ఆయన ఫోటోకు త్రివిక్రమరావు ఇచ్చిన మెరిసే ఫోటో కాగితాలు. మొత్తం ఆరు.

ఆగయ్యకు కోపం రావడం సులువు, పోవడం కష్టం. పదకొండేళ్ల కింద అందరూ సొంతూళ్లో కలిసినప్పుడు, దసరా మధ్యాహ్నం డబ్బు పెట్టి పత్తాలు, అంటే పేకాట, ఆడుతుంటే పోలీసులు ఆయన్ని పట్టుకుపోయి, మర్నాటిదాకా స్టేషన్లో ఉంచారు. తెల్లారి పండుగ భోజనాల దగ్గర ఆ కథను చేతులు తిప్పుతూ చెప్పి వంద మందిని నవ్వించింది సదానందమే. ఆ రోజు నుంచి ఆగయ్య చెల్లెలి గడప తొక్కలేదు. పోయిన నెలలోనే, కరోనా భయానికి, అన్నాచెల్లెళ్లు వీడియో కాల్లో మొహాలు చూసుకుని ఏడ్చి కలిశారు.

ఆ దసరా కథలో ఒక చిన్న ముక్క సదానందం ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. దాని సంగతి తర్వాత.

"ఇగో, మా అన్న మీద ఈగ వాలినా నీదే పూచీ," అని రాజమ్మ పొద్దున్నే చెప్పింది. "మల్ల అలిగిండంటే ఈ జన్మల నాకు పుట్టినిల్లు లేదు. అది యాదివెట్టుకో."

షెడ్డు గదిలో సంగీత కంప్యూటర్‌కు తగిలించి ఉంచిన ప్రింటరులో సదానందం మొదటి కాగితం పెట్టి మీట నొక్కాడు.

ప్రింటరు గుర్రుమంది. లోపల రంగు చిమ్మే హెడ్డు అటూ ఇటూ పరుగెత్తింది. ఆగయ్య మీసం బారెడు కాబట్టి, అది మొత్తం పట్టాలని ఫోటోను పక్కకు తిప్పి పెట్టాడు. కాగితం బయటికి వచ్చింది. సదానందం మొహం నిటారుగా ఉండేలా దాన్ని తిప్పి చూసి, కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

ఆగయ్య మొహం మీద పైనుంచి కిందకు, రెండు వేళ్ల దూరానికి ఒకటి చొప్పున, ఏడు తెల్లటి గీతలు.

"సోమలింగం!" అని కేకేశాడు. "జర ఇటు రా!"

సోమలింగం అదే షెడ్డులో మగ్గాల మేస్త్రీ. పెళ్లిబట్టలేసుకున్నా నూనె డబ్బా చేత్తో పట్టుకుని తిరిగే మనిషి. ప్రింటు తీసుకుని, వెలుతురుకు పెట్టి, గోటితో గీకి, డాక్టరులా తల ఊపాడు.

"గిది పేక తప్పుడే," అన్నాడు. "బట్టల పేక పోగు తప్పితే గిట్లనే సందు వడ్తది. మూత తియ్యి."

మూత తీశారు. లోపల ఒక ఇనుప కడ్డీ మీద అటూ ఇటూ తిరిగే చిన్న పెట్టె.

"అరె! గిది నాడె గాదే!" పోగు మోస్తూ మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెను గుర్తుపట్టినట్టు సోమలింగం కళ్లు మెరిశాయి. "ఎండిపోయింది పాపం. నడ్వనీకి ఏడుస్తున్నది."

నూనె డబ్బా మూతి వంగింది. ఉధ్నాలో ఏ మగ్గానికైనా మొదటి వైద్యం అదే. సదానందానికి కూడా అందులో తప్పేమీ కనబడలేదు.

రెండో కాగితం నూనె మరకతో, ఏడు తెల్ల గీతలతో, వాటికి తోడు చెంప మీద చెవిదాకా నల్లటి గీరుతో వచ్చింది. ఇప్పుడు ఆగయ్య స్టేషన్లో ఉన్నట్టే కాదు, అక్కడ దెబ్బలు తిన్నట్టు కూడా ఉన్నాడు.

"టెన్షన్ లేదు," అన్నాడు సోమలింగం. "బట్ట గుంజి పట్టకుంటె నాడె తగుల్తది. నువ్వు మీట నొక్కు, నేను ఇటు సంది గుంజుత."

మీట నొక్కడం, గుంజడం ఒకేసారి జరిగాయి. మూడో కాగితంలో ఆగయ్య మొహం మూర వెడల్పైంది. మీసం ఎక్కడ మొదలైందో తెలుస్తోంది కానీ ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు.

పక్క గదిలో గంపలో కూర్చున్న సంగీతకు ఈ చప్పుళ్లన్నీ వినబడుతున్నాయి. ఆ ఇంట్లో ప్రింటరు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. గంపలో కూర్చున్నాక పెళ్లికూతురు లేవకూడదు.

"పప్పా! శూ కరో ఛో, ఏం చేస్తున్నవ్? పేపర్ సెట్టింగ్ బద్‌లాయించినవా?"

"నువ్వు ఊకో బిడ్డా, నీ పెండ్లి నువ్వు చేస్కో!"

"అరె యార్, హెడ్ క్లీనింగ్ కరో! మెనూల ఉంటది!"

"నూనె వోసినం గద!"

గంపలోంచి ఒక చిన్న మూలుగు వినబడింది.

ప్రింటరుతో ఈ కుస్తీలో గంట గడిచిపోయింది. ఆ గంటలోనే, ఎవరూ చూడని చోట, అసలు ప్రమాదం జరిగింది. సదానందం చెల్లెలు మంగ కుర్చీలకు ఫోటోలు అంటించే పనిలో ఉంది. మూతికి మాస్కు, కళ్లకు అద్దాలు. ఊపిరి వదిలినప్పుడల్లా అద్దాలు మంచు పట్టి లోకమంతా తెల్లగా కనబడుతోంది. బల్ల మీద పారేసిన మొదటి కాగితం చూసి "వదిన వాళ్లన్నది తయారైంది" అనుకుంది. తీసుకుపోయి, ముందు వరుసలో నడి కుర్చీకి నాలుగు మూలలా టేపేసింది. అంతటితో ఆగితే ఆమె మంగ ఎందుకవుతుంది? రాజమ్మ ఫోన్ తీసి ఆగయ్యకు వీడియో కాల్ కలిపింది.

"బావా, చూడు నీ కుర్చీ! అందరికన్న ముందట!"

"శెబాష్ మంగా. జర దగ్గరికి తీస్కరా." ఫోన్లో బారెడు మీసం కదిలింది. "ఇంకా దగ్గరికి." మీసం ఆగింది. "నా మొహం ముందట గవేంది?"

"ఏవి బావా?"

"చువ్వలు!"

మంగ అద్దాలు తుడుచుకుంది. మళ్లీ మంచు పట్టేలోపు చూడవలసింది చూసింది. "అవ్వో!" అని మాత్రం అనగలిగింది.

"పిలు ఆ మొగోన్ని!" ఆగయ్య గొంతు మగ్గాల షెడ్డంతా మోగింది. "పదకొండేండ్ల కింద నోటితోని చెప్పి నవ్విచ్చిండు. ఇయ్యాల ఫోటో తీసి మరీ నన్ను జైల్ల పెట్టిండు. మీదికెల్లి పెండ్లోల్లందరికి ముందు వరుసల చూపెడ్తున్నడు!"

సదానందం పరుగెత్తుకొచ్చేసరికి కాల్ కట్ అయింది. టైము ఎనిమిది నలభై.

తొమ్మిదింటికి కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆగయ్య భార్య పోశమ్మ గొంతు వినబడింది. "మా ఇంటాయనకు లేని మర్యాద నాకొద్దు. నా ఫోటో కుర్చీల కెల్లి తియ్యుండ్రి." ఐదు నిమిషాలకు ఆమె అక్క. తర్వాత అక్క కొడుకులు ముగ్గురు, వాళ్ల భార్యలు. "మావి గూడ తియ్యుండ్రి." ఒక పెద్దాయన మాత్రం వేరే పెట్టాడు. "నాది తియ్యకుండ్రి గని, ఎన్క వరుసల ఏసినందుకు నాక్కూడ కోపమే ఉన్నదని రాసుకోండ్రి."

సోమలింగం ఒక్కొక్క మెసేజీ చదవడం, మంగ ఒక్కొక్క ఫోటో పీకడం. పెళ్లికి రాని చుట్టాలు పెళ్లిలోంచి లేచి వెళ్లిపోవడం ఉధ్నా చరిత్రలో అదే మొదటిసారి. తొమ్మిదిన్నరకు ముప్పై ఎనిమిది కుర్చీల్లో పద్నాలుగే మిగిలాయి.

రాజమ్మ అరవలేదు, తిట్టలేదు. గంప పక్కన చాప వేసుకుని కూర్చుంది. అదే సదానందాన్ని ఎక్కువ భయపెట్టింది.

"మా అన్న నోట్లకెల్లి మాట రావాలె," అంది మెల్లగా. "రాకుంటె ఈ గంప లేవది. నువ్వేం జేస్తవో నాకెర్క లేదు."

"మిషిన్ తప్పే రాజమ్మా..."

"మిషిన్ పోయి మా అన్న కాళ్లు వట్టుకుంటదా?"

సదానందం త్రివిక్రమరావుకు ఫోన్ కొట్టి గీతల సంగతి, గీరు సంగతి చెప్పాడు.

"శుభమా అని పెళ్లిరోజు, కంగారు పడకండి సదానందం గారూ," అన్నాడాయన నిదానంగా. "తెల్ల గీతలంటే హెడ్డులో రంగు వచ్చే రంధ్రాలు కొన్ని పూడాయని అర్థం. వానాకాలం కదా, గీరు పడిందంటే కాగితం చెమ్మకి వంకర తిరిగి హెడ్డుకి తగులుతోంది. చిన్న విషయాలే. కాగితాలు కవర్లోనే ఉంచారు కదా?"

సదానందం కిటికీలో పెట్టిన కాగితాల వైపు చూశాడు. రాత్రంతా జల్లు గాలికి అప్పడాల్లా లేచి ఉన్నాయి.

"ఉంచినం సార్. కిటికీల."

"ఆ. సరే. లోపల ఏమీ ముట్టుకోలేదు కదా?"

"ముట్టుకోలే సార్. జర నూనె వోసినం, గంతే."

అవతల కారు తాళాలు గలగలమన్నాయి.

"ఏ నూనె?"

"మగ్గం నూనె సార్. అసల్ది."

"నేను వచ్చేదాకా దాని దగ్గర ఎవరూ ఊపిరి కూడా పీల్చొద్దు."

పది దాటుతుండగా కిమ్ నుంచి పెళ్లివారి టెంపో, అడాజన్ నుంచి త్రివిక్రమరావు కారు ఒకేసారి గేటు ముందు ఆగాయి. సదానందం పెళ్లివారికి చేతులు జోడించి, త్రివిక్రమరావు చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. ఒంటి మీద ఇంకా బనీనే. వచ్చింది వియ్యంకుడా, ఇంజనీరా అని పెళ్లివారిలో కొందరికి అనుమానం వచ్చింది.

త్రివిక్రమరావు మాస్కు మీద మాస్కు వేసుకుని, చేతులకు తొడుగులు తొడుక్కుని, బల్ల ముందు కూర్చున్నాడు. మూత తీశాడు. కడ్డీ మీద నూనె నిగనిగలాడుతోంది. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి బల్ల కోడు కింద తన చేతిరాత కనబడింది.

"అవి నా సూచనలు కదూ?"

"చానా పనికొచ్చినయ్ సార్," అన్నాడు సదానందం. "బల్ల అసలే కదుల్తలేదు."

ఆ తర్వాత అరగంట త్రివిక్రమరావు నోరు విప్పింది ఒక్కొక్క తప్పు బయటపడ్డప్పుడే. మెత్తటి గుడ్డతో నూనె తుడుస్తూ, "నూనె పొయ్యకూడదు" అన్నాడు. మిగిలిన మూడు కాగితాలను చీరల పెట్టెల కింద పెట్టి చదును చేస్తూ, "చెమ్మ తగలనివ్వకూడదు" అన్నాడు. కంప్యూటర్లో చూసి, "మెరిసే కాగితం పెట్టి మామూలు కాగితమని చెప్పారు, పైగా తొందర ప్రింటు. అలా చెయ్యకూడదు" అన్నాడు. హెడ్డు రెండుసార్లు శుభ్రం చేయించి, పది నిమిషాలు ఆగి, "వచ్చే కాగితాన్ని చచ్చినా గుంజకూడదు" అన్నాడు. సోమలింగం ప్రతిదానికీ తల ఊపుతూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

పది యాభైకి నాలుగో కాగితం బయటికి వచ్చింది.

అందరూ బల్ల మీదికి వంగారు. ఆగయ్య! ఒక్క గీత లేదు, ఒక్క గీరు లేదు. మీసంలో ప్రతి వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. త్రివిక్రమరావు కాగితాన్ని రెండు చేతులా ఎత్తి, కొత్తగా పుట్టిన పిల్లను చూపించినట్టు చూపించాడు. "ఇక ఈ ప్రింటరు గీత వేయమన్నా వేయదు!"

ఈ మాట ఎంత నిజమో పావుగంటలో తెలిసింది.

సదానందం ఆ ఫోటోను నడి కుర్చీకి అంటించి, తనే ఫోన్ కలిపాడు. పెళ్లివారంతా చుట్టూ మూగారు. మంటపం మీద ఓంప్రకాష్ బాసికం సర్దుకుంటూ, "మామా, నేను గూడ ఫోటోనే పంపుతే అయిపోతుండె," అని గొణిగాడు.

"చూడు బావా," అన్నాడు సదానందం. "రాజా లెక్కున్నవ్. పొద్దుగాల మిషిన్ ఖరాబైంది, గంతే."

ఆగయ్య చూశాడు. మీసం కదల్లేదు.

"ఫోటో మంచిగున్నది," అన్నాడు. "ఒక్క మాట అడుగుత, చెప్పు. ముప్పై ఎనిమిది మందివి మంచిగొచ్చినయ్. నాదాంట్లనే చువ్వలెట్ల వచ్చినయ్? మిషిన్‌కు నేను పోలీస్ స్టేషన్ల కూసున్న ముచ్చట ఎవరు చెప్పిండ్రు?"

దీనికి ఇంజనీరు దగ్గర జవాబు ఉంది. మగ్గాల మేస్త్రీ దగ్గరా ఉంది. కానీ ఆగయ్య అడిగింది వాళ్లను కాదు. సదానందం గంప వైపు చూశాడు. గంపలోంచి సంగీత మెడ చాచి చూస్తోంది. పక్కన రాజమ్మ చాప మీద తల వంచుకుని కూర్చుంది. పదకొండు గంటల ఒక నిమిషం. పంతులు గడియారం చూసుకుని దగ్గాడు.

పదకొండేళ్లుగా గొంతులో ఇరుక్కున్న ముక్క అప్పుడు బయటికి వచ్చింది.

"ఆ దినం పత్తాలాటల కూసున్నది నలుగురు గాదు," అన్నాడు సదానందం అందరూ వినేలా. "ఐదుగురు. ఐదోవోన్ని నేను. జీపు సప్పుడు ఇనంగనే గోడ దుంకి ఉరికిన. బావ దొరికిండు, నేను దొరకలే. తెల్లారి ఎవరన్న అడుగుతరని, అందరికన్న ముందు నేనే కథ చెప్పి నవ్విచ్చిన. ఆ చువ్వల ఎన్క ఉండాల్సింది నేను బావా."

వాకిట్లో ఎక్కడో ఒక మాస్కు లోపల ఎవరో తుమ్ము ఆపుకున్నారు. రాజమ్మ తల ఎత్తింది.

"ఆ దినం మేకకూర తెస్తనని గద పోయినవ్!"

"పోయిన. నడుమ ఆట కాడ ఆగిన."

"పదకొండేండ్ల సంది కటికోని దుకాణం బందున్నదనే అనుకుంటున్న!" రాజమ్మ లేచి నిలబడింది. "ఆనితోని గూడ మాట్లాడుత లేనయ్యా నేను!"

ఫోన్లో మీసం వణికింది. ఆగయ్య ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"పోలీసోల్లు రాత్రంత అడిగిండ్రు," అన్నాడు. "ఐదోవోడు ఎవడు, ఐదోవోడు ఎవడని. చెప్పలే. చెల్లె మొగడు గద అని ఊకున్న. తెల్లారి వచ్చేసరికి నడుమ కూసోని నువ్వే నా కథ చెప్తుంటివి. గీ ఒక్క మాట కోసం పదకొండేండ్లు ఆగిన బావా."

"మాఫ్ చెయ్యి బావా. ఇగ మాట చెప్పు, టైం అయితున్నది."

"చెప్త." మీసం ఈసారి స్పష్టంగా నవ్వింది. "ఆ చువ్వల ఫోటోనే తీస్కొచ్చి మల్ల నా కుర్చీకి పెట్టు. పక్క కుర్చీల నీది పెట్టు. నీ మొహానికి గూడ నా లెక్క చువ్వలుండాలె. అప్పుడు చెప్త మాట."

పదకొండు ఐదు.

సదానందం ఫోటో ఒకటి ఫోన్లో తీసి, ఆగయ్యదిలాగే పక్కకు తిప్పి, ఐదో కాగితం పెట్టి మీట నొక్కారు. ప్రింటరు తీయగా గుర్రుమంది. బనీను మీదున్న సదానందం చుక్క మచ్చ లేకుండా, చంద్రుడిలా బయటికి వచ్చాడు. చెమట చుక్కలు కూడా మెరుస్తున్నాయి.

అందరూ త్రివిక్రమరావు వైపు తిరిగారు.

"సార్," అన్నాడు సదానందం, "ఆ గీతలు జర మల్ల తెప్పియ్యుండ్రి."

"ఏమిటీ?"

"పొద్దుగాల వచ్చినయ్ చూడుండ్రి, గవ్వే."

"నలభై నిమిషాలు కష్టపడి పోగొట్టానయ్యా వాటిని!" త్రివిక్రమరావు గొంతు పలికింది పెళ్లిమేళం శ్రుతిలో. "ఇరవై రెండేళ్ల సర్వీసులో లోపాలు దిద్దడమే తెలుసు కానీ, లోపాన్ని ఆర్డరు మీద తయారు చెయ్యమని నన్నెవరూ అడగలేదు! ఎలా చెయ్యాలో నాకు తెలీదు!"

"నాకెర్క," అన్నాడు సోమలింగం.

మడిచిన వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. "సార్ చెయ్యొద్దన్నయన్ని నా దగ్గర లెక్కున్నయ్. సదానందం, కాగితం తియ్యి."

మిగిలింది ఒక్కటే కాగితం. పదకొండు పది.

ఆరో కాగితాన్ని వంటగదికి తీసుకుపోయి అన్నం గుండిగ ఆవిరి మీద పట్టారు. అప్పడమైంది. గంపలోంచి సంగీత అరిచింది. "మామూలు కాగితం పెట్టుండ్రి! ఫాస్ట్ పెట్టుండ్రి! పప్పా, జల్దీ!" మంగ మంచు పట్టిన అద్దాలతో దొరికిన మీటలన్నీ నొక్కింది. అందులో ఒకటి సరైనదే అయింది. సోమలింగం నూనె డబ్బా ఎత్తాడు. త్రివిక్రమరావు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. హెడ్డు కిందికి ధారగా రెండు చుక్కలు, సోమలింగం మనసారా దీవించినట్టు ఇంకో రెండు. "గుంజు!" అన్నాడు సోమలింగం. ఇటు సదానందం, అటు పంచె ఎగ్గట్టి పెళ్లికొడుకు తండ్రి. ఆయనా కిమ్‌లో మగ్గాల మనిషే. చేతులు ఊరుకోలేదు.

ప్రింటరు గుర్రుమనలేదు. ఏడ్చింది.

కాగితం బయటికి వచ్చింది. ఏడు కాదు, పదకొండు చువ్వలు. ఒక్కొక్కటి చూపుడువేలు మందం. వాటి వెనక మూర వెడల్పు మొహం, ఒక చెంప మీద నల్లటి గీరు, రెండు భయపడ్డ కళ్లు. పట్టుబడిన దొంగ అచ్చం అలాగే ఉంటాడు.

పదకొండు పదిహేడుకు ముందు వరుసలో రెండు కుర్చీలు పక్కపక్కన. మంగ ఫోన్ చూపించింది.

ఆగయ్య ఫోన్ మీదికి వంగి చూశాడు. "ఇన్నేండ్లకు దొరికినవ్ రా ఐదోవోడా," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, కళ్లు తుడుచుకుని, అన్నాడు. "తీస్కపోండ్రి బిడ్డను."

గంప లేచింది. డోలు మోగింది. ముహూర్తానికి నిమిషం ఉండగానే సంగీత మంటపం చేరింది. గ్రూపులో మెసేజీలు టపటపా పడ్డాయి. "నా ఫోటో మల్ల పెట్టుండ్రి." "నాది గూడ." "మా ఆయనది ఆగయ్య పక్కన పెట్టుండ్రి, గాయినకు గూడ చువ్వలు కావాల్నట." పోశమ్మ మాత్రం గొంతు పంపింది. "సదానందమన్నా, ఆ ఐదోవోని ఫోటో నాకొకటి పంపు. ఇంట్ల పిల్లలు మాట ఇనకుంటె చూపెడ్త."

తాళి కట్టేటప్పుడు అక్షింతలు చేతిలో పట్టుకుని రాజమ్మ భర్త పక్కన నిలబడింది. ఆమె కళ్ల నిండా నీళ్లు, పెదవుల మీద నవ్వు. "మా అన్న మొహం చూపిచ్చినవ్, సంతోషం," అంది చెవిలో. "రేపు పొద్దుగాల లేవంగనే పోయి మేకకూర తెస్తవ్. పదకొండేండ్ల బాకీ." సదానందం తల ఊపాడు. ఉప్మా అప్పటికే అయిపోయింది.

సాయంత్రం ప్రింటరును శుభ్రంగా తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, లడ్డూలతో సహా త్రివిక్రమరావు కారులో ఎక్కించారు. అది ఇప్పటికీ అడాజన్లో ఆయనింట్లోనే ఉంది. ఆయన బాల్కనీలోంచి స్వేచ్ఛగా ఎగిరే పక్షులనే ఫోటో తీస్తాడు, కానీ ప్రింటు తీసేసరికి అన్నీ పంజరంలో ఉంటాయి.